ఇంట్లో పాస్తా: సాస్ ఎందుకు అంటదు, నాకిష్టమైనవి ఎలా చేస్తాను

మీరు అడిగినవి రెండు. ఇంట్లో చేసుకునే పాస్తాల్లో ఏవి బాగుంటాయి, ఎలా చేయాలి అన్నది మొదటిది. ఎంత శ్రద్ధగా చేసినా సాస్ అంతా పళ్లెం అడుక్కి జారిపోతోంది, పాస్తా మాత్రం చప్పగా ఉంటోంది, ఎందుకు అన్నది రెండోది. ముందు రెండోదానికి జవాబు చెబుతాను. అది తెలిస్తే మిగతా వంటకాలు సగం వచ్చినట్టే. దక్షిణ ఇటలీలో పుల్యా ప్రాంతపు బారి నగరంలో చాలా ఏళ్లు వంటపని చేశాను. అందుకే ఇక్కడ రాసేవాటిలో దక్షిణాది వంటలే ఎక్కువ. అవి మన వంటింటికి బాగా నప్పుతాయి కూడా: కూరగాయలు ఎక్కువ, గుడ్డు లేని పిండి, క్రీమ్ అసలే ఉండదు.

మీరు చెప్పిన పద్ధతిలో పాస్తా ఉడికించి, వార్చి, పళ్లెంలో పెట్టి, పైన సాస్ పోస్తున్నారు. సమస్య అక్కడే ఉంది. పాస్తా ఉడికేటప్పుడు దానిలోని పిండిపదార్థం కొంత నీళ్లలోకి దిగుతుంది. అది పల్చటి గంజి. ఆ గంజి ఉంటేనే నూనె, నీరు విడిపోకుండా కలిసి చిక్కటి సాస్ అవుతాయి. దాన్ని సింకులో పారబోస్తే నూనె నూనెగానే ఉంటుంది, టమాటా నీళ్లు నీళ్లలాగే ఉంటాయి.

కాబట్టి ఇలా చేయండి. ప్యాకెట్ మీద పది నిమిషాలు అని ఉంటే ఎనిమిదో నిమిషంలోనే పాస్తా తీసేయండి. కొరికి చూస్తే మధ్యలో సన్నటి తెల్ల చుక్క కనబడాలి. దాన్ని నేరుగా సాస్ ఉన్న వెడల్పాటి బాణలిలో వేసి, గరిటెడు గంజి పోసి, పెద్ద మంట మీద రెండు నిమిషాలు ఎగరేస్తూ కలపండి. మిగిలిన ఉడుకు అక్కడ పూర్తవుతుంది. పాస్తా ఆ రెండు నిమిషాల్లో సాస్‌ని పీల్చుకుంటుంది. బాణలి వంచితే నూనె విడిగా పారకూడదు, సాస్ పాస్తాతో పాటు కదలాలి. గట్టిపడితే ఇంకాస్త గంజి పోయండి. వార్చే ముందే ఒక పెద్ద గ్లాసుడు గంజి పక్కన పెట్టుకోవడం అలవాటు చేసుకోండి.

100 గ్రాముల పాస్తాకి లీటరు నీళ్లు, 10 గ్రాముల ఉప్పు అన్నది ఇటలీలో అందరూ చెప్పే లెక్క. నేను నీళ్లు కొంచెం తగ్గిస్తాను, 700 మిల్లీలీటర్లు చాలు. నీళ్లు తగ్గితే గంజి చిక్కగా వస్తుంది. ఉప్పు కూడా ఆ మేరకే, 7 గ్రాములు. నోట్లో వేసుకుంటే నాలుకకి ఉప్పు స్పష్టంగా తెలియాలి. పాస్తా లోపలికి ఉప్పు వెళ్లేది ఉడికేటప్పుడే, తర్వాత పైన ఎంత చల్లినా లోపల చప్పగానే ఉంటుంది. మరిగే నీళ్లలో నూనె వేయకండి. అది పైన తేలుతూ ఉండి, తీసేటప్పుడు పాస్తాకి పట్టి సాస్‌ని జారేలా చేస్తుంది. అంటుకోకుండా ఉండాలంటే వేసిన మొదటి నిమిషం గరిటెతో కలిపితే చాలు. ఉడికాక చన్నీళ్లతో కడగడం మరీ నష్టం, ఉన్న గంజి అంతా పోతుంది.

ప్యాకెట్ కొనేటప్పుడు వెనక వైపు చదవండి. ఇటలీలో 1967లో చట్టం వచ్చినప్పటి నుంచీ ఎండు పాస్తాని దురుమ్ అనే గట్టి రకం గోధుమతోనే చేయాలన్నది నియమం. మన దగ్గర కొన్ని చవక రకాల్లో మైదా, మామూలు రవ్వ కలుస్తాయి. అవి ఒక్క నిమిషం ఎక్కువైతే ముద్దయిపోతాయి. ఇంకో గుర్తు పైపొర. కంచు అచ్చులోంచి ఒత్తి తీసిన పాస్తా గరుకుగా, పిండి చల్లినట్టు తెల్లగా ఉంటుంది. టెఫ్లాన్ అచ్చుదైతే పసుపు రంగులో, నున్నగా మెరుస్తుంది. గరుకుదానికే సాస్ బాగా పడుతుంది. నేపుల్స్ దగ్గరి గ్రాన్యానో ఊరి పాస్తాకి అంత పేరు రావడానికి ఈ కంచు అచ్చులు, నిదానంగా ఆరబెట్టడం కారణం.

ఇక చేత్తో చేసుకునేవాటిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఒరెక్కియెత్తె. బొటనవేలి గోరంత వెడల్పుతో చిన్న గిన్నెల్లా ఉంటాయి. బారి పాతబస్తీలో ఆర్కో బస్సో అని ఒక సందు ఉంది. అక్కడి ఆడవాళ్లు ఇంటి గుమ్మం ముందు చెక్క బల్ల వేసుకుని ఇవి చేస్తారు, జాలీ పళ్లాల్లో ఆరబెట్టి అమ్ముతారు. వాళ్ల చేతులు చూస్తే ఒక సంగతి అర్థమవుతుంది. కత్తి కొనతో ముక్కని లాగడం, వేలి మీద తిరగేయడం రెండు పనుల్లా ఉండవు, ఒకే ఊపులో అయిపోతాయి.

దీనికి రెండే వస్తువులు. నలుగురికి 400 గ్రాముల దురుమ్ రవ్వ పిండి, 200 మిల్లీలీటర్ల గోరువెచ్చటి నీళ్లు. ఉప్మాకి వాడే బొంబాయి రవ్వ సాధారణంగా మామూలు గోధుమది, దానితో ఈ సాగుడు రాదు. మన దగ్గర బన్సీ రవ్వ అని అమ్మేది దురుమ్ జాతి గోధుమది. దాన్ని మిక్సీలో మెత్తగా తిప్పి, సన్న జల్లెడ పట్టి వాడుకోండి. ఇటలీ సరుకు దొరికే సూపర్ మార్కెట్లలో 'సెమోలా రిమచినాతా' అని మెత్తగా ఆడించిన దురుమ్ పిండి ఉంటే మరీ మంచిది.

నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ కలపండి. మొదట పొడిపొడిగా, పనికిరాదేమో అన్నట్టు ఉంటుంది. అప్పుడు నీళ్లు ఇంకా పోయాలనిపిస్తుంది, పోయకండి. రవ్వ నీటిని నిదానంగా పీల్చుకుంటుంది. పది నిమిషాలు అరచేతి మడమతో తోస్తూ పిసికితే నున్నగా అవుతుంది. చపాతీ పిండి కన్నా గట్టిగా ఉండాలి. తడిగుడ్డ కప్పి అరగంట వదిలేయండి. ఈ అరగంట తగ్గించకండి, విశ్రాంతి లేని పిండి పాకిస్తుంటే వెనక్కి లాగేసుకుంటుంది.

తర్వాత నాలుగు ముద్దలు చేసి, ఒకటి తీసుకుని మిగతావి గుడ్డ కిందే ఉంచండి. చేగోడీలకి పాకించినట్టే వేలి లావున పొడుగ్గా పాకించి, సెంటీమీటరు ముక్కలుగా కోయండి. గ్రానైట్ బండ మీద పిండి జారిపోతుంది, చెక్క పీట మీద చేయండి. గుండ్రటి మొన ఉన్న మొద్దు కత్తిని ముక్క మీద ఆనించి, నొక్కిపెట్టి మీ వైపు లాగండి. ముక్క పల్చబడి కత్తి అంచు చుట్టూ మడత పడుతుంది. దాన్ని బొటనవేలి కొన మీద పెట్టి లోపలి వైపు బయటికి వచ్చేలా తిరగేయండి. కత్తికి రాసుకుని గరుకైన వైపు ఇప్పుడు పైకి వస్తుంది, సాస్ పట్టేది దానికే. మధ్యలో పల్చగా, అంచు కొంచెం మందంగా ఉంటుంది కాబట్టి నమిలితే రెండూ విడివిడిగా తెలుస్తాయి. మొదట్లో ఆకారం ఎలా వచ్చినా పర్వాలేదు, మందం మాత్రం అన్నిటికీ ఒకేలా ఉండేట్టు చూసుకోండి. లేకపోతే కొన్ని ఉడికి కొన్ని పచ్చిగా మిగులుతాయి.

బారిలో వీటికి జోడు చీమె ది రాపా అనే కూర. ఆవ కుటుంబానికి చెందిన శీతాకాలపు ఆకు, మొగ్గలతో సహా వండుతారు, కొంచెం చేదు. మన దగ్గర లేత ఆవాకు, ముల్లంగి ఆకు, బ్రోకలీ కలిపి చేస్తే ఆ రుచికి చాలా దగ్గరగా వస్తుంది. ఒక్క బ్రోకలీతో చేస్తే తియ్యగా ఉంటుంది, పిల్లలు తింటారు, కానీ ఈ వంటకానికి ఆ చేదే అందం. శుభ్రం చేసిన ఆకు అరకిలో తీసుకోండి. ఉప్పు నీళ్లు మరిగాక ముందు ఆకు వేసి, నాలుగైదు నిమిషాలకి అదే నీళ్లలో ఒరెక్కియెత్తె వేయండి. ఆకు పసరు పాస్తాకి పట్టాలి, అందుకే రెండూ ఒకే గిన్నెలో. అప్పుడే చేసినవైతే నాలుగైదు నిమిషాలు, రాత్రంతా ఆరినవైతే పది దాకా పట్టొచ్చు, కొరికి చూసి తీయండి.

ఈలోగా బాణలిలో ఐదు చెంచాల ఆలివ్ నూనె, చితక్కొట్టిన మూడు వెల్లుల్లి రెబ్బలు, రెండు ఎండుమిరపకాయలు చిన్న మంట మీద పెట్టండి. చేప తినేవాళ్లయితే ఉప్పులో ఊరిన ఆంకోవీ ముక్కలు నాలుగు వేయండి, నూనెలో కరిగిపోతాయి. తినకపోతే మానేయొచ్చు. చిల్లుల గరిటెతో పాస్తా, ఆకు కలిపి తీసి బాణలిలో వేసి, గంజితో ఎగరేయండి. పైన చీజ్ అక్కర్లేదు. ఎండిన బ్రెడ్డు పొడిని చెంచా నూనెలో ఎర్రగా వేయించి చల్లండి. చీజ్ కొనలేని ఇళ్లలో పుట్టిన అలవాటు ఇది. నాకైతే ఇప్పటికీ ఈ కరకరే నచ్చుతుంది.

తర్వాత వంకాయ పాస్తా. సిసిలీలోని కటానియా నగరపు వంటకం, పాస్తా అల్లా నోర్మా అంటారు. ఆ ఊళ్లో పుట్టిన సంగీతకారుడు బెల్లిని రాసిన 'నోర్మా' అనే ఒపెరా (సంగీత నాటకం) పేరే దీనికి వచ్చింది. వంకాయంటే ఇష్టమున్న ఇంట్లో ఇది తప్పకుండా నిలుస్తుంది. నలుగురికి 350 గ్రాముల రిగతోని లేదా పెన్నె (గొట్టాల్లాంటి పాస్తాలు), లావు నల్ల వంకాయలు రెండు, టమాటాలు 600 గ్రాములు. వంకాయని వేలి మందాన ముక్కలు కోసి, ఉప్పు రాసి అరగంట జల్లెడలో ఉంచి, నీరు పిండేసి గుడ్డతో తుడవండి. నీరు పోతే నూనె తక్కువ పీలుస్తుంది, వేగినప్పుడు లోపల వెన్నలా ఉంటుంది. బాగా కాగిన నూనెలో కొద్దికొద్దిగా వేసి ముదురు గోధుమ రంగు వచ్చేదాకా వేయించండి. ఓవెన్‌లో కాలిస్తే నూనె తగ్గుతుంది కానీ ఆ రుచి రాదు, ఈ ఒక్కదానికి వేయించడమే సరైనది. వేయించడానికి ఖరీదైన ఆలివ్ నూనె అక్కర్లేదు, పొద్దుతిరుగుడు నూనె చాలు.

టమాటాలని వేడినీళ్లలో ముంచి తొక్క తీసి, చేత్తో నలిపి, వెల్లుల్లి వేగిన ఆలివ్ నూనెలో ఇరవై నిమిషాలు దగ్గరపడనివ్వండి. మన నాటు టమాటా పులుపు ఎక్కువ, చిటికెడు పంచదార వేయొచ్చు. హైబ్రిడ్ టమాటాలో నీరు ఎక్కువ, ఇంకో ఐదు నిమిషాలు ఉంచాలి. ఉల్లిపాయ, గరం మసాలా వద్దు. వేస్తే అది మంచి కూరే అవుతుంది, కానీ వంకాయ, టమాటా, తులసి జాతి ఆకు మూడూ విడివిడిగా తెలిసే ఈ రుచి పోతుంది. ఆ ఆకు బేసిల్. మన పూజ తులసి వేయకండి, దానికి లవంగం ఘాటు ఉంటుంది. బేసిల్ దొరక్కపోతే సబ్జా గింజలు కుండీలో చల్లండి. ఆ మొక్క బేసిల్ కుటుంబానిదే, కొంచెం సోంపు వాసనతో బాగానే ఉంటుంది. పైన తురమడానికి సిసిలీలో రికోత్తా సలాతా అనే ఉప్పు చీజ్ వాడతారు. దానికి బదులు పనీర్‌కి ఉప్పు రాసి, గుడ్డలో చుట్టి, బరువు పెట్టి ఫ్రిజ్‌లో ఒక రాత్రి ఉంచితే గట్టిపడి తురుముకి వస్తుంది. రుచి అదే కాదు, కానీ వేయించిన వంకాయ పక్కన తెల్లటి ఉప్పటి పొడి ఉండాలి, ఆ పని ఇది చేస్తుంది.

రాత్రి ఆలస్యంగా ఇంటికొచ్చి ఏమీ లేదనుకున్నప్పుడు ఆల్యో ఎ ఓల్యో. స్పగెట్టి, సన్నగా తరిగిన వెల్లుల్లి, ఎండుమిర్చి, ఆలివ్ నూనె, అంతే. వెల్లుల్లిని చల్లటి నూనెలోనే వేసి, తర్వాత చిన్న మంట వెలిగించండి. లేత బంగారు రంగు రాగానే గరిటెడు గంజి పోసి ఆపేయండి, ఎర్రబడితే చేదు. తర్వాత స్పగెట్టి వేసి పైన చెప్పినట్టే ఎగరేయడం.

రోమ్ వాళ్ల కాచో ఎ పెపె కూడా చూడ్డానికి అంతే తేలిక: పాస్తా, మిరియాలు, పెకోరీనో రొమానో చీజ్. చేయడం మాత్రం అన్నిటికన్నా కష్టం, ఎందుకంటే చీజ్ వేడికి ఉండలు కట్టి సాగిపోతుంది. చీజ్‌లోని ప్రొటీన్లు ఎక్కువ వేడి తగిలితే ఒకదానికొకటి అతుక్కుంటాయి. పిండిపదార్థం మధ్యలో అడ్డుపడితే అతుక్కోవు. ఇటలీ భౌతిక శాస్త్రవేత్తలు దీన్ని లెక్కకట్టి 2025లో ఒక పరిశోధనా పత్రం వేశారు, దానికి అదే ఏడాది ఇగ్ నోబెల్ బహుమతి (ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకి ఇచ్చేది) వచ్చింది. చీజ్ బరువులో రెండు మూడు శాతం పిండిపదార్థం ఉంటే సాస్ విరగదని తేల్చారు. మామూలు గంజిలో అంత ఉంటుందన్న నమ్మకం లేదు. ఇంట్లో చేసేవాళ్లకి ఇది నిజంగా పనికొచ్చే మాట.

ఆ లెక్కన ఇద్దరికి 160 గ్రాముల చీజ్‌కి 4 గ్రాముల కార్న్‌ఫ్లోర్. ఆ పిండిని అరకప్పు కన్నా తక్కువ నీళ్లలో కలిపి, పొయ్యి మీద జిగురుగా అయ్యేదాకా తిప్పి, చల్లార్చండి. అందులో సన్నగా తురిమిన చీజ్ వేసి మిక్సీలో మెత్తటి ముద్ద చేయండి. మిరియాలు రెండు చెంచాలు కచ్చాపచ్చాగా దంచి, పొడి బాణలిలో వాసన వచ్చేదాకా వేయించి, కొంచెం గంజి పోయండి. ఉడికిన 240 గ్రాముల స్పగెట్టి అందులో వేసి కలిపి, పొయ్యి ఆపి, ఒక నిమిషం ఆగండి. అప్పుడు చీజ్ ముద్ద వేసి గబగబా కలపండి. మంట మీద ఉండగా చీజ్ వేస్తే ఎంత కష్టపడినా ఉండలే. ఈ చీజ్ చాలా ఉప్పన, కాబట్టి దీనికి మాత్రం పాస్తా నీళ్లలో ఉప్పు సగానికి తగ్గించండి.

మీరు శాకాహారులైతే ఒక సంగతి తప్పక తెలియాలి. పెకోరీనో రొమానో చేయడానికి గొర్రెపిల్ల కడుపులోంచి తీసిన రెనెట్ అనే పాలు గడ్డకట్టించే పదార్థం వాడతారు, పార్మిజానో రెజ్జానో (పార్మెజాన్) చీజ్‌కి దూడది. పాలతో చేసిందే కదా అని చాలామందికి ఇది తోచదు. మన దేశంలో ఆకుపచ్చ గుర్తుతో అమ్మే పార్మెజాన్ రకం చీజ్‌లు ఉన్నాయి, అవి వాడుకోండి. రుచిలో కొంత తేడా ఉంటుంది, పద్ధతి అదే.

గుడ్డు తినే ఇంట్లో అయితే ఆదివారం పూట ఉత్తర ఇటలీలోని బొలోన్యా నగరపు పద్ధతిలో తాల్యాతెల్లె, అంటే రిబ్బన్ లాంటి పాస్తా, చేయండి. 100 గ్రాముల మైదాకి ఒక గుడ్డు, మనిషికి అది చాలు. గుడ్డు చిన్నదైతే చెంచా నీళ్లు. పది నిమిషాలు పిసికి, అరగంట ఆగి, అప్పడాల కర్రతో అవతలి చెయ్యి నీడ కనబడేంత పల్చగా ఒత్తి, పిండి చల్లి, చుట్ట చుట్టి కోయండి. ఉడికాక 8 మిల్లీమీటర్ల వెడల్పు ఉండాలని బొలోన్యా వర్తక మండలిలో 1972లోనే నమోదైంది. పచ్చిగా ఆరేడు మిల్లీమీటర్లు కోస్తే అంత అవుతుంది. ఉడకడానికి రెండు మూడు నిమిషాలు.

దానికి జోడు రగూ, అంటే నిదానంగా ఉడికించిన మాంసం సాస్. బొలోన్యాలో గొడ్డుమాంసంతో చేస్తారు. మనం మటన్ కీమాతో చేసినా అది ఇటలీకి కొత్తేమీ కాదు, అబ్రుజ్జో ప్రాంతంలో గొర్రె మాంసం రగూయే పేరున్నది. అరకిలో కీమాకి ఒక ఉల్లిపాయ, ఒక క్యారట్, ఒక సెలరీ కాడ సన్నగా తరిగి, ఆలివ్ నూనెలో మెత్తబడేదాకా వేయించండి. కీమా వేసి, నీరంతా ఇగిరి అడుగున చిటపటలాడేదాకా ఓపిగ్గా వేయించాలి. చాలామంది ఇక్కడ తొందరపడతారు. ఆ చప్పుడు వినబడకముందే టమాటా వేస్తే అది ఉడికిన కీమాగానే మిగులుతుంది. తర్వాత వైన్ వాడేవాళ్లయితే అరగ్లాసు వైన్, లేకపోతే అన్నే నీళ్లు పోసి అడుగు గీరండి. 300 గ్రాముల టమాటా గుజ్జు, ఉప్పు వేసి, అతి చిన్న మంట మీద రెండు గంటలు. ఇగిరినప్పుడల్లా కాసిని వేడి నీళ్లు. చివరి అరగంటలో అరగ్లాసు పాలు పోయండి, టమాటా పులుపు నెమ్మదిస్తుంది. అల్లం వెల్లుల్లి ముద్ద వేయాలని చెయ్యి లాగుతుంది, ఒక్కసారి వేయకుండా చేసి చూడండి. కుక్కర్‌లో పెడితే మాంసం ఉడుకుతుంది గానీ నీరు ఇగరదు. పెట్టక తప్పకపోతే మూత తీశాక కనీసం ఇరవై నిమిషాలు విప్పి మరిగించండి.

రగూ మర్నాటికి ఇంకా బాగుంటుంది. ఫ్రిజ్‌లో మూడు రోజులు, ఫ్రీజర్‌లో రెండు మూడు నెలలు ఉంటుంది కాబట్టి ఒకేసారి కిలో కీమాతో చేసి, చిన్న డబ్బాల్లో సర్దుకోండి. కావాల్సిన రోజు డబ్బాడు తీసి బాణలిలో గంజితో కరిగించి, అప్పుడు పాస్తా వేయండి. ఒరెక్కియెత్తె కూడా రెండు రోజులు గాలికి ఆరితే గట్టిపడతాయి, అప్పుడు గాలి చొరని డబ్బాలో వారం ఉంటాయి. బయట వాతావరణం చెమ్మగా ఉంటే మాత్రం బూజు పడుతుంది, అలాంటప్పుడు పళ్లెంలో పరిచి ఫ్రీజర్‌లో గట్టిపరిచి, సంచిలో వేసుకోండి. ఉడికించేటప్పుడు మంచు వదిలే దాకా ఆగక్కర్లేదు, అలాగే మరిగే నీళ్లలో వేసేయొచ్చు.